ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు: రాష్ట్రపతికి 1 ఎవరికి, 2 ఎవరికి?

లాల్‌బాగ్‌లో పొద్దుటి నడక అయ్యాక గ్లాస్‌హౌస్ కనబడే బెంచీ ఒకటి చూసుకుని కూర్చుంటాం, నేనూ మా వియ్యంకుడూ. ఆయనది అనంతపురం, నాది బొబ్బిలి. పిల్లలిద్దరూ ఇక్కడి ఐటీ కంపెనీల్లో ఉన్నారు, మనవడిని బడికి దింపే మనిషి కావాలి. అందుకని ఏడాదిలో సగం రోజులు మా రెండు జిల్లాలూ జయనగరంలో ఒకే అపార్టుమెంటులో కాపురం ఉంటాయి.

2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నిక వచ్చినప్పుడు ఆ బెంచీ బాగా వేడెక్కింది. ఒకవైపు తమిళనాడు మనిషి సి.పి.రాధాకృష్ణన్, ఇంకోవైపు తెలంగాణ నుంచి జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి. తెలుగుదేశం, వైసీపీ రెండూ రాధాకృష్ణన్ పక్కనే నిలబడ్డాయి. "తెలుగోడు నిలబడితే తెలుగు ఎంపీలే ఎయ్యకపోతే ఎట్ల బావా?" అని ఆయన. "తెలుగువాడైతే చాలా బావగారూ?" అని నేను. చివరికి 452కి 300తో రాధాకృష్ణన్ గెలిచారు. 15 ఓట్లు చెల్లలేదు. చట్టాలు చేసేవాళ్లకే ఓటు వేయడం రాలేదన్న ఒక్క ముచ్చట మీద మాత్రం మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది.

"మీ ఇద్దరికీ అందులో ఓటే లేదు కదా మామయ్యా, ఎందుకింత గొడవ?" అంది కోడలు. నిజమే, నాకు లేదు. నేను ఓటేసిన ఎమ్మెల్యేకి రాష్ట్రపతి ఎన్నికలో ఉంది. ద్రౌపదీ ముర్ము గారి పదవీకాలం 2027 జూలైతో ముగుస్తుంది, అప్పుడు మళ్లీ ఈ బెంచీ వేడెక్కుతుంది. అప్పటికి ఎవరి పేర్లు వస్తాయో ఎవరికి ఎరుక? తెలియని పేర్ల మీద పందేలు కాసేకంటే తెలిసిన ముగ్గుర్ని పక్కపక్కన నిలబెట్టి చూసుకుంటే కొలబద్ద ఒకటి చేతికొస్తుంది. ఆ ముగ్గురు 1969లో పోటీపడ్డ నీలం సంజీవరెడ్డి, వి.వి.గిరి, సి.డి.దేశ్‌ముఖ్. వాళ్లలో ఇద్దరు తెలుగు కొడుకులు. మూడో ఆయన మరాఠీ మనిషే గానీ రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ భర్త, అంటే మనకు అల్లుడు. తెలుగు అన్న ప్రమాణం అక్కడే చెల్లకుండా పోయింది. ఇంకేదైనా చూడక తప్పదు. అందుకే నాకు ఆ ఎన్నికంటే ముచ్చట.

కథ మొదలైంది కూడా మేం కూర్చునే బెంచీకి నాలుగడుగుల దూరంలోనే. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే పోయారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలైలో కాంగ్రెస్ పెద్దలంతా బెంగళూరు చేరి ఈ గ్లాస్‌హౌస్‌లోనే ఏఐసీసీ సమావేశం పెట్టుకున్నారు. అభ్యర్థిని తేల్చే పార్లమెంటరీ బోర్డులో ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు చెప్పారు. సిండికేట్ అని పిలిచే పెద్దలు సంజీవరెడ్డి పేరు నెగ్గించుకున్నారు. ఇందిర ఢిల్లీ వెళ్లీ వెళ్లగానే మొరార్జీ దేశాయ్ చేతిలోని ఆర్థికశాఖ తీసేసుకున్నారు, జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. ఆ ఆర్డినెన్స్ మీద సంతకం గిరిది. మర్నాడే ఆయన రాజీనామా చేసి, ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా పోటీకి దిగారు. సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద ఇందిర సంతకం ఉంది. అయినా పోలింగ్ ముంగిట ఆవిడే, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేసుకోండి అని తన వాళ్లను వదిలేశారు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా వీధి అరుగు మీద రేడియో చుట్టూ మూగిన పెద్దవాళ్లు ఆ 'అంతరాత్మ' అన్న మాటను ఒక తిట్టులాగా, ఒక మంత్రంలాగా మార్చి మార్చి పలకడం ఇప్పటికీ చెవిలో ఉంది.

ముందు ఓటు విలువ

ఇది తొందరగా దాటేద్దాం, కానీ తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలూ, ఎమ్మెల్యేలూ. నామినేటెడ్ సభ్యులకూ, శాసనమండలి సభ్యులకూ ఓటు లేదు. ఎమ్మెల్యే ఓటు విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 1971 జనాభాను అసెంబ్లీ సీట్లతో భాగించి, దాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. ఆ లెక్కన ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేకి 208, తమిళనాడు ఎమ్మెల్యేకి 176, ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132, కర్ణాటకలో 131, సిక్కింలో 7. 2022లో ఎంపీ ఓటు విలువ 700. రహస్య ఓటు, పార్టీ విప్ చెల్లదు. బ్యాలెట్ మీద పేర్ల పక్కన ఇష్టం వరసన 1, 2, 3 అని అంకెలు వేయాలి, అదీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు సిరా పెన్నుతోనే. ఒకటో నంబర్లతో ఎవరికీ గెలుపు అందకపోతే, తక్కువ వచ్చినవాళ్లను తప్పించి వాళ్ల బ్యాలెట్ల మీది రెండో నంబర్లు మిగతావాళ్లకు పంచుతారు. నోటా లేదు.

159 ఎక్కువా 131 ఎక్కువా అని మా ఇంట్లో రగిలిన గొడవ చివర్లో చెబుతాను.

మా వియ్యంకుడి అభ్యర్థి

సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టారు. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి మీద ఓడిపోయారు. ఆ నాగిరెడ్డి ఆయనకు స్వయానా బావమరిది. ఈ సంగతి మా వియ్యంకుడు ఏదో సొంత ఇంటి పెళ్లి ముచ్చట చెప్పినట్టు చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ నవ్వుతాడు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అన్నది అందరికీ తెలిసిందే. నేను చూసేది ఆ కుర్చీ ఎక్కడం కాదు, దిగడం. రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా కర్నూలు బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఆ మాట మీద 1964లో రాజీనామా చేశారు. ఇప్పుడైతే కోర్టు అన్న మాటకు రివ్యూ పిటిషన్ వేసి కుర్చీలో ఇంకా గట్టిగా కూర్చుంటారు. 1967లో లోక్‌సభ స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వం వదులుకున్నారు. స్పీకర్ ఏ పార్టీ మనిషీ కాకూడదని.

"ఇంకేం గావల్ల బావా?" అంటాడు ఆయన.

కావలసింది ఉంది. పార్టీ సభ్యత్వం వదులుకున్న మనిషే రెండేళ్లు దాటగానే పార్టీ పెద్దల అభ్యర్థిగా నిలబడ్డారు. ఆ పెద్దలు ఆయన్ని నిలబెట్టింది ఇందిరకు ముకుతాడు వేయడానికే అన్నది దేశమంతా అనుకున్న మాట. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప వెళ్లి, దేశ్‌ముఖ్‌ని నిలబెట్టిన స్వతంత్ర పార్టీనీ, జనసంఘ్‌నీ రెండో ప్రాధాన్య ఓట్లు అడగడంతో ఆ అనుమానానికి రెక్కలొచ్చాయి. అభ్యర్థి ఎంత పెద్దమనిషైనా, ఆయన్ని మోసుకొచ్చిన పల్లకీ బోయీలు ఎవరన్నది చూడాల్సిందే.

ఓడిపోయాక ఆయన ఊరికొచ్చి వ్యవసాయం చేసుకున్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ సీట్లకు 41 కాంగ్రెస్ గెలిస్తే, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలలో జనతా తరఫున ఆయనది. అదే ఏడాది రాష్ట్రపతి ఎన్నికకు 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరించారు. ఆయన ఒక్క ఓటు అవసరం లేకుండా గెలిచారు. ఇప్పటికీ రాష్ట్రపతులు జూలై 25న ప్రమాణం చేయడం ఆయన దగ్గర్నుంచి వచ్చిన ఆనవాయితీయే.

అసలు పరీక్ష 1979లో వచ్చింది. మొరార్జీ దిగిపోయాక చరణ్‌సింగ్‌ని పిలిచారు. ఆయన జూలై 28న ప్రమాణం చేసి, పార్లమెంటు ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇచ్చారు. నాకు బలం ఉంది, అవకాశం ఇవ్వండి అని జగ్జీవన్‌రామ్ అడుగుతుండగానే సంజీవరెడ్డి ఆగస్టు 22న లోక్‌సభ రద్దు చేశారు. అది తప్పని నా అభిప్రాయం. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే అవకాశం అక్కడ చేజారింది. కానీ ఆ నిర్ణయం ఎవరో చెప్పి చేయించింది కాదు, తన బుర్రతో తాను చేసింది. మా వియ్యంకుడు ఇక్కడ మాట్లాడడు. లేచి ఇంకో రౌండు నడుద్దాం పద అంటాడు. ఆయన నిశ్శబ్దాన్ని నేను ఒప్పుకోలు కింద జమకడతాను.

నా అభ్యర్థి

గిరి గారి దగ్గరికొచ్చేసరికి నేను నిష్పక్షపాతిని కాదు, ముందే చెప్పేస్తున్నా. బరంపురంలో పుట్టిన మనిషి, 1937లో మా బొబ్బిలిలోనే బొబ్బిలి రాజా మీద నిలబడి గెలిచారు. రాజాగారంటే అప్పటి మద్రాసు ప్రధాని, ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి. ఆయన ఎస్టేటులో, ఆయన కోట ముందు, రైల్వే కూలీల సంఘం నడిపే లాయరు గెలవడమంటే అప్పటివాళ్లకు ఏమనిపించిందో మా ఇంటి పెద్దల గొంతులో విన్నాను. నేను జీవితమంతా జాతీయం చేసిన బ్యాంకులో చేశాను, సంఘంలో ఉన్నాను. మా బ్యాంకును సర్కారు చేతికి తెచ్చిన కాగితం మీద ఆయన సంతకం ఉంది.

దానికంటే పెద్ద సంగతి 1954లోది. అప్పుడాయన కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. కార్మిక మంత్రిగా ఉండి దీనికి తల ఊపలేనని రాజీనామా చేసి బయటికొచ్చారు. మా సంఘం పాతకాపులు ఆ కథ చెప్పేటప్పుడు లేచి నిలబడి చెప్పేవాళ్లు. 1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో చిత్రంగా ఓడిపోయారు. రిజర్వుడు సీటుతో పాటు జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థికే దక్కింది. గిరి కోర్టుకెక్కితే సుప్రీంకోర్టు కూడా గెలిచినవాళ్ల పక్షమే చెప్పింది. తర్వాత గవర్నరు గిరీలు. 1965 నుంచి 1967 దాకా మైసూరు గవర్నరుగా ఇదే బెంగళూరు రాజ్‌భవన్‌లో ఉన్నారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే నా అభ్యర్థి నెగ్గినట్టే. ఆపనివ్వడు మా వియ్యంకుడు.

"రాష్ట్రపతి అయినాక మీ గిరిగారు సంతకం పెట్టనంటే పెట్టనన్న కాయితం ఒగటి చూపించు బావా."

చూపించలేను. 1973లో ముగ్గురు సీనియర్లను దాటేసి ఎ.ఎన్.రేని ప్రధాన న్యాయమూర్తిని చేసినప్పుడు నియామకపత్రం మీద సంతకం గిరిదే. నాకు అంతకంటే గుచ్చుకునేది 1974 మే. దేశంలో రైల్వే కార్మికుల సంఘాలు కట్టిన తొలితరం మనిషి రాష్ట్రపతి భవన్‌లో కూర్చుని ఉండగా, రైల్వే సమ్మెను వేలాది అరెస్టులతో అణిచేశారు. 1954లో ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసం కుర్చీ వదిలిన చెయ్యి, ఇరవై ఏళ్ల తర్వాత కదల్లేదు. రాష్ట్రపతికి మంత్రివర్గం మాట వినక తప్పదు, నాకు తెలుసు. రాజీనామా చేయడానికి మాత్రం ఎవరి సలహా అక్కర్లేదు.

అంతరాత్మ పేరుతో గెలిచినాయన చెప్పినచోటల్లా సంతకం పెట్టాడు, పార్టీ పెద్దలు నిలబెట్టినాయన పదేళ్ల తర్వాత తన బుద్ధికి తోచింది చేశాడు. ఈ ఒక్క ముక్క మింగడానికి నాకు చాలా పొద్దుటి నడకలు పట్టాయి.

మా ఆవిడ అభ్యర్థి

మా ఆవిడది రాజమండ్రి. దుర్గాబాయి అంటే ఆవిడకు మేనత్త లెక్క. చుట్టరికం ఏమీ లేదు, ఊరు ఒకటే. రాజ్యాంగ పరిషత్తులో కూర్చున్న, ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆడపడుచు ఏరికోరి చేసుకున్న మొగుడు చెడ్డవాడెలా అవుతాడన్నది ఆవిడ తర్కం. 1953లో వాళ్ల పెళ్లికి సాక్షి సంతకం నెహ్రూది.

దేశ్‌ముఖ్ రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు. 1950 నుంచి 1956 దాకా ఆర్థిక మంత్రి. బొంబాయిని మహారాష్ట్రకు ఇవ్వకుండా కేంద్రం కింద ఉంచుతామనేసరికి పార్లమెంటులో నిలబడి కాదని చెప్పి రాజీనామా చేశారు. "అంటే ఆయనా భాష కోసమే కదా చెల్లెమ్మా దిగింది, తెలుగోడని నేనంటే తప్పయిందా?" అని వియ్యంకుడు పట్టుకున్నాడు. "భాష కోసం కుర్చీ వదిలారు అన్నయ్యగారూ, భాష చూపించి కుర్చీ అడగలేదు" అంది ఆవిడ. ఆ జవాబుకు ఆ రోజు ఎంటీఆర్‌లో రవ్వ ఇడ్లీ బిల్లు వియ్యంకుడే కట్టాడు.

నాకు మాత్రం ఆయనతో పాత లెక్క ఒకటి ఉంది. 1954లో బ్యాంకు తీర్పును మార్చినప్పుడు ఆర్థిక మంత్రి ఎవరు? ఈ దేశ్‌ముఖే. అంటే మా ఆవిడ అభ్యర్థి శాఖతో పడకే నా అభ్యర్థి రాజీనామా చేశాడు. పైగా 1969లో ఆయన్ని నిలబెట్టిన స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు బ్యాంకుల జాతీయకరణకు అడ్డం తిరిగినవి. దీనికీ మా ఆవిడ దగ్గర జవాబు ఉంది. ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకుగా మారింది 1955లో, జీవిత బీమాను సర్కారు తీసుకుంది 1956లో. రెండూ దేశ్‌ముఖ్ హయాంలోనే. "మీ పెన్షను పడే బ్యాంకు, మీ పాలసీ ఉన్న కంపెనీ రెండూ మా అల్లుడి చలవే" అంటుంది. జాతీయం చేసిన మొనగాడు ఎవరన్న పందెంలో నేను ఓడిపోయే దారిలో ఉన్నానని అక్కడ అర్థమైంది.

ఆయన లోటు వేరే. ఐసీఎస్ మనిషి, ఫైళ్లు తెలుసు, లెక్కలు తెలుసు, యూజీసీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం నడిపారు. మెజారిటీ ఎవరికీ లేని రాత్రి నలుగురు నాయకులు నాలుగు జాబితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఏ జాబితాలో దొంగ సంతకం ఉందో వాసన పట్టే ముక్కు అలాంటివాళ్లకు ఉంటుందా? రాజకీయం తెలియకపోవడం కూడా ఒక లోపమే. మనవాళ్లు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు గానీ.

రెండో నంబరు

మన పంచాయతీలన్నీ ఒకటో నంబరు గురించే. రాష్ట్రపతి ఎన్నికను తేల్చేది ఒక్కోసారి రెండో నంబరు. 1969 ఆగస్టు 20 లెక్కింపు చూడండి. గెలవడానికి కావలసిన కోటా 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. చిల్లర అభ్యర్థులూ, దేశ్‌ముఖ్ తప్పుకున్నాక రెండో నంబర్లు పంచితే రెడ్డికి సుమారు 92 వేలు కలిశాయి, గిరికి 18,500 పైచిలుకు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. కోటా మీద గిరికి మిగిలింది 1,908. ఆ రోజుల్లోనే ఒక పెద్ద రాష్ట్రంలో పదిహేను, ఇరవై మంది ఎమ్మెల్యేలు రెండో నంబరు అటు రాసి ఉంటే కోటా అందేది కాదు.

మేం కూడా వేసి చూశాం. ఎంటీఆర్ బిల్లు వెనక మూడు పేర్లు రాసి, చింపి, మడిచి డబ్బాలో వేశాం. కోడలు రిటర్నింగ్ అధికారి. "ఎవరి ఓటరు కార్డు ఎక్కడుందో ఆ ఎమ్మెల్యే విలువే మీ ఓటుకి" అని ఆర్డరు వేసింది. నా ఓటు నేను జయనగరానికి మార్చుకున్నాను, కాబట్టి 131. వియ్యంకుడిది అనంతపురంలోనే ఉంది, 159. మా ఆవిడది బొబ్బిలిలో ఉంది, 159. రెడ్డి 159, దేశ్‌ముఖ్ 159, గిరి 131. తక్కువ వచ్చినవాడు ముందు పోవాలి కాబట్టి గిరిగారు తొలి రౌండులోనే ఇంటికి.

అప్పుడు కోడలు నా చీటీ విప్పి రెండో నంబరు చూసింది. లేదు. నేను రాయలేదు. అనంతపురానికి రాయడానికి అహం అడ్డొచ్చింది, 1954 గుర్తొచ్చి దేశ్‌ముఖ్‌కీ చెయ్యి రాలేదు. ముగ్గురిలో గెలుపు తేల్చే ఓటు నా చేతిలో ఉంటే, దాన్ని డబ్బాలో ఊరికే చచ్చిపోనిచ్చాను. 159, 159 సమానమైపోయి మనవడి చేత చీటీ తీయించారు. సంజీవరెడ్డి వచ్చారు. వియ్యంకుడు వాణ్ణి భుజాన ఎత్తుకుని హాలంతా తిప్పాడు.

అందుకే 2027లో ఎవరి పేర్లొచ్చినా ముందు రెండో నంబరు రాసుకోమంటాను. మొదటి నంబరు మన అభిమానం రాస్తుంది, కులమో ఊరో పార్టీయో వెనక నుంచి చెయ్యి పట్టుకుంటుంది. రెండోది రాయాలంటే మాత్రం నచ్చని ఇద్దరిలో ఎవరు నయమో నిజంగా ఆలోచించాలి. ఈ మధ్య ఎన్నికల్లో ఇద్దరే నిలబడుతున్నారు కదా అంటారా? 1997 నుంచి 50 మంది ప్రతిపాదించాలి, 50 మంది బలపరచాలి, 15 వేలు డిపాజిట్ కట్టాలి. కాబట్టి చిల్లర పేర్లు రావు. అయినా మీ మనసులో మూడో మనిషిని నిలబెట్టుకుని రాసి చూడండి.

ఏం చూడాలి, ఏం చూడనక్కర్లేదు

నిరాడంబరత నేను లెక్కలోకి తీసుకోను. చాప మీద పడుకున్న ఫోటో ఎవరైనా దిగవచ్చు. రాష్ట్రపతి భవన్‌లో 340 గదులున్నాయి, ఆయన ఎన్నింట్లో పడుకుంటాడన్నది దేశానికి అనవసరం. ఫలానా వర్గం నుంచి మొదటివారు అన్న మాటకు విలువ ఉంది, కాదనను. 2022లో ముర్ము గారు 6,76,803 విలువైన ఓట్లతో గెలిచినప్పుడు పార్వతీపురం ఏజెన్సీలో మా పాత ఖాతాదారులు ఫోన్ చేసి చెప్పుకున్న సంతోషం నేను విన్నాను. అది గౌరవం. ఎంపికలో సగం అదే, కానీ సగమే.

మిగతా సగానికి రాష్ట్రపతి చేతిలో నిజంగా ఏముందో తెలుసుకోవాలి. 1976లో 42వ సవరణ మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకోవాల్సిందే అని కట్టేసింది. 1978లో 44వ సవరణ ఒక్క సందు వదిలింది: ఒకసారి వెనక్కి పంపి, మళ్లీ ఆలోచించండి అనవచ్చు. రెండోసారి వస్తే సంతకం పెట్టాలి. ఆ ఒక్కసారిని ఎవరు వాడుకున్నారన్నదే నా కొలబద్ద. 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ కాగితం మీద, మంత్రివర్గం కూర్చోకముందే సంతకం పెట్టారు. మంత్రివర్గం ఏమంది అని అడిగితే చాలు, రాత్రి గడిచేది. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ ప్రభుత్వం పంపితే కె.ఆర్.నారాయణన్ వెనక్కి పంపారు, ప్రభుత్వం తగ్గింది. 1998 సెప్టెంబరులో బీహార్ మీద వాజ్‌పేయి ప్రభుత్వం పంపిందీ తిప్పి పంపారు. రెండు ప్రభుత్వాలు, రెండు వేరు పార్టీలు, ఒకే చెయ్యి.

కలాం గారిని తిట్టే తెలుగువాడు నాకు ఇంతవరకు కనబడలేదు, నేనూ తిట్టను. 2006లో లాభదాయక పదవుల బిల్లు ఆయన వెనక్కి పంపారు, మంచిపని. కానీ 2005 మేలో మాస్కోలో ఉండగా అర్ధరాత్రి వచ్చిన ఫ్యాక్స్ మీద బీహార్ అసెంబ్లీ రద్దుకు సంతకం పెట్టారు. దాన్ని తర్వాత సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధం అంది. ఒకే మనిషి ఒక రాత్రి అడగలేదు, ఒక పగలు అడిగాడు. పేరు పెద్దదైనా లెక్క రాసుకోవాల్సిందే.

అభ్యర్థి ఇంకా ఆ కుర్చీలో కూర్చోలేదు కదా, ఇవన్నీ ముందే ఎలా తెలుస్తాయి? పెళ్లి సంబంధం చూసేటప్పుడు మనం చేసే పనే. కుర్రాడి జీతం కంటే పాత ఉద్యోగం ఎందుకు మానేశాడో అడుగుతాం. గవర్నరుగా చేసినవాడైతే అసెంబ్లీ బిల్లులను ఎన్నాళ్లు సొరుగులో పెట్టుకున్నాడో చూడండి, ఏ ముఖ్యమంత్రిని ఏ వేళప్పుడు ప్రమాణం చేయించాడో చూడండి. స్పీకరుగా చేస్తే ఫిరాయింపుల పిటిషన్లు ఎన్నాళ్లకు తేల్చాడో చూడండి. న్యాయమూర్తి అయితే ప్రభుత్వం ఓడిన తీర్పులు రాశాడా, రిటైరయ్యాక ఏ పదవి ఎంత తొందరగా పుచ్చుకున్నాడు? ఇది కూడా పూర్తి గ్యారంటీ కాదు. గిరి గారు 1954లో ఈ పరీక్ష నూటికి నూరుతో పాసయ్యారు కదా! అందుకే ఎప్పుడు దిగాడన్న దానితో పాటు, తనను కుర్చీ ఎక్కించినవాళ్లకు ఎప్పుడైనా కాదని చెప్పాడా అని కూడా అడుగుతాను. గిరి దిగింది తాను కట్టిన సంఘాల పక్షాన. రాష్ట్రపతిగా కాదనాల్సి వచ్చింది తనను గెలిపించిన ఇందిరతో. ఆ రెండోదానికి ఆయనకు అలవాటు లేదు.

ఈ కొలతతో ఇప్పుడు మళ్లీ చీటీ ఇస్తే దేశ్‌ముఖ్‌కి 1, రెడ్డికి 2, గిరికి 3 రాస్తాను. దేశ్‌ముఖ్ తనను మంత్రిని చేసిన నెహ్రూ ముఖం మీదే కాదని చెప్పి దిగారు. రెడ్డి రెండు కుర్చీల విషయంలో మర్యాద చూపారు, 1979 తప్పు కూడా సొంతదే. గిరి నా మనిషి. ఈ వరస ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సంజీవరెడ్డి 1996లో ఈ బెంగళూరులోనే పోయారు, కల్పల్లి శ్మశానవాటికలో సమాధి ఉంది. చీటీ గెలిచిన మర్నాడు వియ్యంకుడు దండ కొనుక్కుని అక్కడికి బయల్దేరితే నేనూ తోడు వెళ్లాను. ఓడిన పార్టీ తరఫున.

ఇక 159, 131 గొడవ. ఊరి ఓటు బెంగళూరుకు మార్చుకోవాలా వద్దా అని అడిగే తెలుగువాళ్లకు: రాష్ట్రపతి ఎన్నిక దృష్ట్యా తేడా లేదు. ఆంధ్రలో 175 మంది ఎమ్మెల్యేలకు 159 చొప్పున 27,825. కర్ణాటకలో 224 మందికి 131 చొప్పున 29,344. అక్కడ ఒక్కో ఎమ్మెల్యే వెనక మనుషులు ఎక్కువ, ఇక్కడ తక్కువ, మనిషికి వచ్చే బరువు ఒకటే అయ్యేలా కట్టిన లెక్క ఇది. కాకపోతే అది 1971 నాటి మనుషుల లెక్క. అప్పటికి బెంగళూరు పదహారు లక్షల ఊరు. ఆ తర్వాత బస్సులెక్కి, రైళ్లెక్కి వచ్చిన మనలాంటివాళ్లు ఎన్ని లక్షలైనా ఆ 131లో లేము. 2026 తర్వాత జరిగే జనగణన వచ్చేదాకా అంతే. మీ వీధి మురుక్కాలువ ఎక్కడ పొంగుతుందో అక్కడే ఓటు పెట్టుకోండి, ఫారం 8 నింపితే మారిపోతుంది.

ఇదంతా కాగితం మీద లెక్క వేసి మా ఆవిడకు చూపించాను. ఫారం 8 కూడా ఫోన్‌లో తెరిచి పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం అంతా చదివి, మడిచి నా చేతికే ఇచ్చింది.

"159ని చేజేతులా 131కి దించుకోమంటారేమిటండీ?"